రాకాసి గుడిలో కొడవలి

హైదరాబాద్‌లో శాలిబండ నుంచి లోపలికి తిరిగే ఒక సన్న గల్లీలో మా ఇల్లు. వసారాలో ఇప్పటికీ ఒక దాగలి ఉంది, నేలలో పాతిన తుమ్మ మొద్దు మీద. కొలిమి ఆరి పదిహేనేళ్లు దాటింది. ఎనభై రెండేళ్ల మా నాయిన పొద్దున చాయ్ గ్లాసు దాని మీదే పెట్టుకుని తాగుతాడు.

మొన్న చలికాలంలో మా చెల్లెలి కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడు అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు. సెలవునాడు పాత కాలువలు చూడబోయాడట. ఆ ఎడారిలో హోహోకమ్ అనే జనం వెయ్యేళ్లకు పైగా బతికారు. సాల్ట్, గీలా నదుల నీళ్లను వందల కిలోమీటర్ల కాలువలతో మళ్లించి మక్కలు, చిక్కుళ్లు, పత్తి పండించారు. క్రీ.శ. 1450 నాటికి వాళ్ల పెద్ద ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1860ల్లో వచ్చిన కొత్తవాళ్లు ఆ పాత కాలువల జాడ పట్టుకునే మళ్లీ నీళ్లు పారించారు. పాత ఊరి శిథిలాల మీద కొత్త ఊరు లేస్తోంది కదా అని, బూడిదలోంచి లేచే పక్షి పేరు దానికి పెట్టుకున్నారు.

నాయినకు ఈ కథంతా పట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఏం పెట్టి తవ్విన్రురా?"

"కర్రలు, రాళ్లు తాతా. వాళ్లకు ఇనుము లేదు. రాగి గజ్జెలు ఉండేవి గానీ అవి కూడా మెక్సికో దిక్కు నుంచి వచ్చినవే."

"గడ్డపార లేకుండనా?"

ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా అదే మాట. గడ్డపార లేకుండ కాల్వ ఎట్ల తవ్వుతరు అని.

నాకు మాత్రం వాడు చివర్లో చెప్పిన సంగతి పట్టుకుంది. హోహోకమ్ అనేది ఆ నేల మీద ఇప్పటికీ ఉన్న ఓధామ్ జనం మాటలోంచి వచ్చిన పేరు. వెళ్లిపోయిన మా పెద్దలు అని దాని భావం. మరి మన దగ్గర ఊరి బయట గుట్ట కింద పెద్ద రాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటే వాటిని ఏమంటాం? రాకాసి గుళ్లు. లేదంటే పాండవుల గుళ్లు. అంత రాయి మనిషి ఎత్తలేడని మనవాళ్ల లెక్క. ఎత్తినవాడు రాక్షసుడైనా కావాలి, భీముడైనా కావాలి.

అవి గుళ్లు కావు, సమాధులు. ముందు గొయ్యి తవ్వుతారు. దానిలో రాతి పలకలు నిలబెట్టి పెట్టెలా కడతారు. శవాన్నో, తర్వాత ఏరి తెచ్చిన ఎముకలనో లోపల ఉంచి, పక్కన కుండలు, పూసలు, ఇనుప పనిముట్లు పెడతారు. పైన బండ మూసి, మట్టి పోసి, రాళ్లు కుప్ప వేసి, చుట్టూ గుండ్లు పేరుస్తారు. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్విన సమాధి మీది మూతబండ దాదాపు 40 టన్నులు. కుండలు మూతి దగ్గర, లోపల నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాలిస్తే గాలి తగలని వైపు నల్లబడుతుంది, గాలి తగిలిన వైపు ఎర్రగా వస్తుంది.

ఇవి ఎక్కడో అడవుల్లో లేవు. పాత బోయినపల్లి పక్కన హష్మత్‌పేటలో ఉన్నాయి, మౌలాలి దిక్కు ఉండేవి, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్నాయి. చార్మినార్ 1591 నాటిది. మా గల్లీలో ఎవరినడిగినా షహర్ కథ అక్కడే మొదలుపెడతారు. ఈ సమాధుల్లో చాలావాటికి, పండితుల లెక్కలో, అప్పటికే రెండు వేల ఏళ్లు నిండాయి.

నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని మొదటి అధిపతి గులాం యజ్దానీ. ఆయనకు అజంతా బొమ్మల వల్ల పేరొచ్చింది గానీ, ఈ సమాధుల కుండల మీద గీసిన గుర్తులను కూడా శ్రద్ధగా పట్టించుకున్నాడు. హంట్ అనే వైద్యుడు హైదరాబాద్ చుట్టుపక్కల సమాధుల మీద 1924లో లండన్ పత్రికలో పెద్ద వ్యాసమే రాశాడు. మొన్న 2025లో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి.

పనిముట్ల సంగతి నాయినకు చెప్పాను. నాగపూర్ దగ్గర మాహుర్‌ఝరీ సమాధుల్లో దొరికిన గొడ్డళ్లకు కర్ర దూర్చే బెజ్జం ఉండదు. చదునైన పలకను కర్రకు ఆనించి, అడ్డంగా ఇనుప పట్టీలు వేసి బిగించారు.

"మంచి ఉపాయం," అన్నాడు. "బెజ్జం గొట్టుడే కష్టం. ఆడనే పగులుతది."

ఆ ఇనుప విద్య సమాధులతో ఆగిపోలేదు. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు. 1820ల్లో వోయ్‌సీ అనే దొర అది చూసి రాశాడు. అలాంటి దక్కన్ ఉక్కు డమాస్కస్ కత్తులకు పోయేదని పేరు. నేను కొలిమి నేర్వకుండా సిటీ కాలేజీలో చదివి గుమాస్తానయ్యాను. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదువుకున్నవే.

ఒక ఆదివారం నాయినను ఆటో ఎక్కించి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి తీసుకుపోయాను. పిల్లలంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ గుమిగూడారు. ఆమె చనిపోయి రెండు వేల ఏళ్లు దాటింది, హైదరాబాద్‌కు అతిథిగా వచ్చింది. మన సమాధుల సామాను ఉన్న వైపు జనం పల్చగా ఉన్నారు. నాయిన అద్దాల బీరువా ముందు ఆగాడు. తుప్పు పట్టి, పెచ్చులు లేచి, అంచు అరిగిన ఒక కొడవలి ముక్క. నేను మా గల్లీలో చూస్తూ పెరిగిన కొడవలి వంపే అది. నాయిన వంగి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు.

"పిడిలకు పోయే తోక చూడు. సన్నగ సాగదీసిండు. కాలిన కాడ మళ్లీ కొట్టిండు. తొందర పడలె."

"ఇవి దొరికిన సమాధులనే రాకాసి గుళ్లు అంటరు, నాయినా. రాక్షసులు కట్టిన్రని."

ఆయన కుడి చెయ్యి సుత్తె పట్టినట్టు కొంచెం ముడుచుకుని ఉంది. కాసేపు ఏమీ అనలేదు.

"రాక్షసునికి కొడవలెందుకురా," అన్నాడు. "వరి కోసుకుంటడా?"

తిరిగొచ్చేటప్పుడు నయాపూల్ మీద ట్రాఫిక్ ఆగింది. మూసీ వైపు చూస్తూ, ఆ కొడవలి చేసినోడు బొగ్గు ఏ కట్టెతో కాల్చి ఉంటడు అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తుమ్మే అయ్యుంటది అని తనే చెప్పుకున్నాడు.