పాబ్నా రైతు సంఘం: ఉమ్మడి నిధితో న్యాయపోరాటం

నేటి బంగ్లాదేశ్‌లోని పాబ్నా జిల్లాలో, సిరాజ్‌గంజ్ ప్రాంతపు యూసుఫ్‌షాహీ పరగణా రైతులు 1873 మే నెలలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. జమీందారులు కోరే అక్రమ శిస్తు చెల్లించరాదనీ, అవసరమైతే న్యాయస్థానంలోనే తేల్చుకోవాలనీ నిశ్చయించుకున్నారు.

ఈ పరగణా ఒకప్పుడు నాటోర్ జమీందారీలోనిది. ఆ జమీందారీ క్షీణించిన తరువాత గ్రామాలు అనేక కుటుంబాల చేతికి వచ్చాయి. కొత్త యజమానులు శిస్తును పదేపదే పెంచారు. అబ్వాబులనే అదనపు వసూళ్లను అసలు శిస్తులో కలిపివేశారు. భూమిని కొలిచే గడను కురచ చేయడం మరో ఉపాయం. గడ తగ్గితే లెక్కల్లో పొలం పెరుగుతుంది, దానితో శిస్తూ పెరుగుతుంది. ఇంతకన్నా తీవ్రమైనది హక్కుల సమస్య. 1859 నాటి పదవ చట్టం ప్రకారం ఒకే భూమిని 12 ఏళ్లు సాగు చేసిన రైతుకు దానిపై అనుభవ హక్కు లభిస్తుంది. ఆ హక్కును దెబ్బతీసే షరతులతో జమీందారులు కబూలియత్తులు, అంటే తెలుగు జమీందారీల్లోని ముచ్చలికాల వంటి పత్రాలు, బలవంతంగా రాయించుకున్నారు.

విడివిడిగా కోర్టుకెక్కితే ఖర్చులకు తాళలేక రైతు లొంగిపోవలసిందే. సంఘం చందాలతో కూడబెట్టిన వ్యాజ్య నిధి ఈ పరిస్థితిని మార్చింది. ఈశానచంద్ర రాయ్, శంభునాథ్ పాల్, ఖుదీ మొల్లా ముందు నిలిచారు. రైతుల్లో అత్యధికులు ముస్లింలు, జమీందారుల్లో అత్యధికులు హిందువులు. అయినా పోరాటం మతకలహంగా మారలేదు. రైతులు గుంపులుగా ఊరూరా తిరిగి ఇతరులను చేరమన్నారు. అక్కడక్కడా దౌర్జన్యాలు జరగకపోలేదు గాని, శిస్తు నిలుపుదల, దావాలే ప్రధాన ఆయుధాలు. తాము మహారాణికి మాత్రమే రైతులమై ఉంటామన్నది వారి నినాదం. ఇందులో రాజభక్తి కన్నా లౌక్యమే ఎక్కువనిపిస్తుంది.

లెఫ్టినెంట్ గవర్నర్ జార్జి క్యాంబెల్ 1873 జులై 4న ప్రకటన వెలువరించారు. హింసను అణచివేస్తామని హెచ్చరిస్తూనే, అన్యాయమైన వసూళ్లను శాంతియుతంగా, చట్టబద్ధంగా ప్రతిఘటించేందుకు రైతులు కూడవచ్చునని అందులో అంగీకరించారు. జమీందారుల బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ ఉద్యమాన్ని తీవ్రంగా వ్యతిరేకించగా, రమేశ్‌చంద్ర దత్ వంటివారు రైతుల పక్షాన రాశారు.

పాబ్నా లేవనెత్తిన ప్రశ్నలు 1885 బెంగాల్ కౌలుదారీ చట్టానికి దారితీశాయి. అనుభవ హక్కుగల రైతుకు అది రక్షణనిచ్చింది; పంటలో సగం ఇచ్చి సాగుచేసే బర్గాదారుకు మాత్రం దానివల్ల ఒరిగింది స్వల్పమే. వాటా తగ్గించాలంటూ బర్గాదారులు 1946లో తేభాగా ఉద్యమం లేవదీశారు.