మర్నాడు వాడు ఎక్కడికి వెళ్ళాడు?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పోరాటాల గురించి మనం చాలా రాసుకున్నాం. భూమి, వెట్టి, కూలి రేట్లు, నిర్బంధం, అన్నీ రాశాం. ఆ చరిత్రలో పసివాళ్ళూ వున్నారు. అయితే వాళ్ళను జాలి గొలిపే దృశ్యాలుగా చూపించడంతోనే సరిపెట్టుకున్నాం. దెబ్బలు తిన్న పిల్లవాడు, చెరుపుకు గురైన ఆడపిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళగలిగారన్న ప్రశ్న వేసుకోలేదు. యీ వ్యాసంలో ఆ ప్రశ్న వేసుకుంటున్నాను.

నిజాం కాలంలో తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం వుండేవాడు. దీన్నే భగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ శాసనం చేసినా, అది పల్లెకు చేరలేదు. ఆడపిల్లలు గడిలో ఆడబాపలుగా పెరిగి, దొర కూతురి వెంట ఆమె అత్తవారింటికి అరణంగా వెళ్ళేవారు. కొట్టేవాడు దొర, ఫిర్యాదు వినవలసిన పటేలు, పట్వారీలు అతని మనుషులు. తల్లిదండ్రుల నోరు అప్పు నొక్కేసింది. పిల్లలు మాట్లాడలేదంటే కారణం వాళ్ళ భయం ఒక్కటే కాదు, వినే చోటు లేదు.

అలాంటి చోటు కోసం వెతుకులాట చాలా రూపాల్లో సాగింది. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. ఆ ఉద్యమంతో పాటు పెరిగిన గ్రంథాలయాలు, గడితో సంబంధం లేకుండా నలుగురు కూర్చోగల స్థలాలయ్యాయి. కాని అక్షరం రాని జీతగాడికి ఆ గడప దూరమే. ఆదిలాబాదులో 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణించాక, ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి పరిశీలించమని పంపింది. ఆయన చొరవతో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం వెలిసింది. దీని విలువ అక్షరాస్యతకు మించినది. బాధను పరాయి భాషలో చెప్పమంటే పిల్లవాడు మూగవాడవుతాడు. వాడి భాష తెలిసిన పెద్దమనిషి అందుబాటులో వుండడం మొదటి ఆసరా.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు పల్లెలు కదిలాయి. ఆ రోజుల్లో నా యీడు జీతగాడొకడు, ఎద్దు తప్పిపోయిందని ఆసామి కొడితే, వీపు మీద వాతలతో రాత్రిపూట సంఘం పెద్దల దగ్గరికి వచ్చాడు. పెద్దలు పంచాయితీ పెట్టి ఆసామి చేత జరిమానా కట్టించారు. గెలిచామనుకున్నాం. మర్నాడు వాడు మళ్ళీ అదే కొట్టానికి వెళ్ళాడు. వాడికి వేరే చోటు లేదు.

సంఘం సాధించింది చిన్నది కాదు. మొదటిసారి పిల్లవాడి మాటను ఊరు సాక్ష్యంగా తీసుకుంది. అయితే సంఘం కూలిని విన్నంతగా శరీరాన్ని వినలేదు. ఆడపిల్ల బాధ పరువు పేరుతో ఇంట్లోనే వుండిపోయింది. యీ విమర్శ మనం చేసుకోక తప్పదు.

ఆ కొట్టానికి మారు చోటు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో రూపుకట్టింది. శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ వెట్టి నుంచి విడిపించిన పిల్లలను శిబిరాల్లో వుంచి, చదువు అందుకునేలా చేసి, సర్కారు బడిలో చేర్చింది. పిల్లవాడు తిరిగి పనిలోకి జారిపోకుండా ఊరివాళ్ళే కాపలా కాశారు. వినే మనిషి, తల దాచుకునే చోటు, కాపలా కాసే ఊరు మూడూ కలిస్తేనే ఆసరా అవుతుందని ఆ అనుభవం చూపింది.

2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ళ ఇంట్లోనో, వాళ్ళు కోరిన చోటో తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో వుండకూడదు. నేరం తెలిసిన ప్రతివారూ చెప్పి తీరాలి. 2015 చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు బాలల సంక్షేమ సమితి వుండాలి. యివి విజయాలే. కాని సమితి జిల్లా కేంద్రంలో వుంటుంది. గూడెం పిల్లకు ముందుగా కనబడేది అంగన్‌వాడీ టీచరు, ఆశ్రమ పాఠశాల పంతులు. హింసించినవాడు పరాయి దొర కాకుండా ఇంటిమనిషో, కులపెద్దో, సంఘం సభ్యుడో అయినప్పుడు వాళ్ళు ఎవరి పక్క నిలుస్తారన్నదే అసలు పరీక్ష.

రచయితలకూ అదే పరీక్ష. ఆ జీతగాడి వీపు మీది వాతలను నేను ఒక కథలో రాశాను. జరిమానా కట్టించడంతో కథ ముగించాను. మర్నాడు వాడు ఎక్కడికి వెళ్ళాడో తెలిసి కూడా రాయలేదు. అది రాయకపోవడం నా తప్పు.