భయం – పిరికితనం – ఫోబియా: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భయం మనిషితోపాటే పుట్టింది. భయపడే మనిషిని సమాజం చూసే తీరు మాత్రం కాలక్రమంలో మారుతూ వచ్చింది. భయం స్వభావదోషమనే భావన నుంచి, అది చికిత్సకు లొంగే రుగ్మత కావచ్చుననే అవగాహన వరకు సాగిన ఈ మార్పును నాట్యశాస్త్రం, ఆయుర్వేదం, వేదాంత దృష్టాంతం, పాశ్చాత్య వైద్యచరిత్రల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భయం, శంక, త్రాసం, రజ్జుసర్పభ్రాంతి, ఫోబియా, ఆందోళన, పిరికితనం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో భయాన్ని తెలిపే మాటలు అనేకం. జంకు, బెదురు, హడలు, గుబులు, దిగులు, బెంగ – ఇవన్నీ ఒకటి కావు. కొత్తవారి ముందు నోరు విప్పలేకపోవడం జంకు. హఠాత్తుగా వినిపించిన చప్పుడుకు పశువు చూపేది బెదురు. దూరమైన బిడ్డ కోసం తల్లి పడేది బెంగ. ఏం జరుగుతుందో తెలియక లోలోపల మెదిలేది గుబులు. పిల్లలు దడుసుకొని జ్వరం తెచ్చుకుంటే దాన్ని దడుపు జ్వరమన్నారు. భయంలో తరతమ భేదాలున్నాయని, అది శరీరాన్ని కూడా పట్టి పీడిస్తుందని జనవ్యవహారం గుర్తించిందనడానికి ఈ పదసంపదే సాక్ష్యం.

అయితే ఈ మాటల సరసనే 'పిరికి' అనే మాట కూడా ఉంది. తక్కినవి భయాన్ని వర్ణిస్తాయి. ఇది భయపడే మనిషి మీద తీర్పు చెబుతుంది. లిఫ్టు ఎక్కలేనివారినీ, సూదిని చూస్తే స్పృహ తప్పేవారినీ, నలుగురిలో మాట్లాడవలసివస్తే చెమటలు పట్టేవారినీ ఇళ్ళలో నేటికీ ఈ మాటతోనే మందలించడం కనిపిస్తుంది. ఈ తీర్పుకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

2. నాట్యశాస్త్రం, ఆయుర్వేదం – రెండు దృష్టులు:
భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావాలలో ఒకటిగా భయాన్ని చెప్పి, అది భయానకరసంగా పరిణమిస్తుందన్నాడు. ముప్పైమూడు వ్యభిచారిభావాలలో శంక, త్రాసం, చింత, ఆవేగాలను విడివిడిగా పేర్కొన్నాడు. పిడుగుపాటు, ఉల్కాపాతం వంటివాటివల్ల క్షణంలో కలిగే అదురుపాటు త్రాసం. సందేహరూపంలో మనసును తొలిచేది శంక. ఎదుటనున్న అపాయంవల్ల కలిగే భయాన్నీ, రాబోయేదాన్ని ఊహించుకొని పడే ఆందోళననూ ఆధునిక మనోవిజ్ఞానం వేరుచేసి చూపుతుంది. భరతుని విభజన నటుని కోసం చేసినదే అయినా ఈ భేదానికి దగ్గరగా ఉంది. కాలుసేతుల వణుకు, గుండెదడ, నోరు ఎండిపోవడం, చెమట పట్టడం అనే అనుభావాలను ఆయన చెప్పాడు. ప్యానిక్ అటాక్ లక్షణాలుగా నేటి వైద్యులు చెప్పేవాటిలో ఇవన్నీ ఉన్నాయి.

ఇంత నిశితంగా పరిశీలించిన ఆ గ్రంథమే భయాన్ని స్త్రీలకు, నీచప్రకృతి గలవారికి సహజమైన భావంగా నిర్దేశించింది. భయలక్షణాల వర్ణన శరీరానికి సంబంధించినది; భయానికి కేటాయించిన స్థానం మాత్రం సామాజికమైనది.

చరకసంహిత దృష్టి దీనికి భిన్నం. కామశోకభయాలవల్ల వాతం ప్రకోపిస్తుందని చరకుడు చెప్పాడు. అతిసార భేదాలలో భయంవల్ల కలిగేదాన్ని ప్రత్యేకంగా లెక్కించాడు. దానికి వాతహర చికిత్సతోపాటు రోగికి సంతోషం కలిగించడం, ధైర్యవచనాలతో ఊరడించడం ఉపాయాలుగా సూచించాడు. ఇక్కడ భయం రోగికారణమే తప్ప రోగి గుణం కాదు.

3. తాడు, పాము – ఒక దృష్టాంతపు పరిమితి:
భయాన్ని గురించి భారతీయ సమాజంలో బాగా ప్రచారం పొందిన దృష్టాంతం రజ్జుసర్పభ్రాంతి. మసకచీకటిలో తాడును చూసి పామనుకున్నవాడు భయపడతాడు. దీపం తెస్తే పాము ఉండదు, భయమూ ఉండదు. అద్వైతులు ఈ దృష్టాంతాన్ని ప్రపంచమిథ్యాత్వ నిరూపణకు వాడుకున్నారు. జనసామాన్యంలో మాత్రం అది భయానికి మూలం అజ్ఞానమేనన్న నమ్మకానికి బలమిచ్చింది. 'అక్కడేముందని భయం?' అనే మందలింపులో ఉన్నది ఈ తర్కమే.

ఫోబియా ఈ తర్కానికి లొంగదు. బల్లి తననేమీ చేయదని దాన్ని చూసి వణికేవారికి తెలుసు. లిఫ్టు కూలదని కూడా తెలుసు. దీపం వెలుగుతూనే ఉంది, తాడు తాడుగానే కనిపిస్తోంది. అయినా కాలు కదలదు. తెలివితో నిమిత్తం లేని ఇటువంటి భయాన్ని ప్రాచీన గ్రీకు వైద్యులు గమనించారు. రాత్రి విందులో వేణువు ఊదే స్త్రీ వాదన మొదలుపెట్టగానే భయంతో కంపించిపోయే నికానోర్ అనే వ్యక్తి ప్రస్తావన హిపోక్రటీస్ సంప్రదాయ గ్రంథాలలో ఉంది. పగటిపూట అదే నాదం విన్నా అతనికి ఏ బాధా ఉండేది కాదు. అయితే ఆనాడు ఇటువంటి బాధకు ప్రత్యేకమైన రోగనామం ఏర్పడలేదు.

4. రోగనామం ఏర్పడిన కాలం:
జర్మన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ 1871లో 'అగోరాఫోబియా' అనే పేరును ప్రతిపాదించాడు. గ్రీకులో 'అగోరా' అంటే జనం కూడే బహిరంగస్థలం, సంత. 'ఫోబోస్' అంటే భయం. విశాలమైన కూడళ్ళు దాటలేక బాధపడిన ముగ్గురు పురుషులను ఆయన వర్ణించాడు. తమ భయం నిరాధారమని వారికి తెలుసు. తోడుగా ఒక మనిషి ఉంటే వారు కూడలి దాటగలిగేవారు. భయమూ, అది నిరాధారమన్న ఎరుకా ఒకే మనిషిలో కలిసి ఉండగలవని ఈ వర్ణన స్పష్టం చేసింది. ఆ సంవత్సరమే అమెరికన్ వైద్యుడు జేకబ్ డ కోస్టా, అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో గుండెదడ, ఆయాసాలను పరిశీలించి వ్యాసం ప్రకటించాడు. 1895లో ఫ్రాయిడ్ ఆందోళనను నరాల బలహీనత నుంచి విడదీసి ప్రత్యేక వ్యాధిగా నిరూపించడానికి పూనుకున్నాడు.

పేరు ఏర్పడినంత మాత్రాన తీర్పు మారలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిమోతల నడుమ మాట పడిపోయి, ఒళ్ళు వణికే సైనికుల స్థితిని 'షెల్ షాక్' అనే పేరుతో 1915లో చార్లెస్ మయర్స్ వైద్యపత్రికలో వర్ణించాడు. అదే యుద్ధంలో పిరికితనం, సైన్యం విడిచి పారిపోవడం వంటి నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం తన సైనికులనే కాల్చిచంపింది. అటువంటి 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం 2006లో మరణానంతర క్షమాపణ ప్రకటించింది. వారిలో మానసికంగా దెబ్బతిన్నవారూ ఉన్నారన్న వాదన ఈ నిర్ణయానికి బలం చేకూర్చింది. రుగ్మతకూ నేరానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారన్నది కొందరికి ప్రాణాల మీది ప్రశ్న అయిందని ఈ చరిత్ర చెబుతుంది.

5. నేర్చిన భయం, మరపించిన భయం:
కొరివితో కాలినవాడు మిణుగురును చూసినా భయపడతాడని తెలుగు సామెత. 1920లో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ జరిపిన ప్రయోగం ఇటువంటి స్థితినే చూపింది. తెల్ల ఎలుకను చూపినప్పుడల్లా ఇనుపకడ్డీపై సుత్తితో మోత చేసి, ఏడాది నిండని శిశువుకు ఎలుకంటే భయం కలిగించారు. ఆ భయం కుందేలుకూ, ఉన్ని వస్తువులకూ పాకింది. దాన్ని పోగొట్టకుండానే శిశువును పంపివేయడం నేటి నైతిక ప్రమాణాలకు నిలవదు.

1924లో మేరీ కవర్ జోన్స్ ప్రకటించిన పరిశోధన ఇందుకు విరుద్ధమైన దారి. కుందేలంటే భయపడే పీటర్ అనే బాలుడు ఇష్టమైన తిండి తింటుండగా, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చారు. చివరకు ఆ బాలుడే దాన్ని నిమిరాడు. ఇక్కడ బోధ లేదు, మందలింపు లేదు. భరించగలిగినంత మేరకు చేరువ కావడమే చికిత్స. 1958లో జోసెఫ్ వోల్పే శరీరాన్ని సడలించే అభ్యాసంతో జోడించి దీన్ని క్రమబద్ధం చేశాడు. 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం వర్గీకరణ మూడవ కూర్పులో ఫోబియా, ప్యానిక్, సాధారణీకృత ఆందోళన వేర్వేరు రుగ్మతలుగా స్థిరపడ్డాయి.

6. ముగింపు:
• భయలక్షణాలను ప్రాచీనులు సూక్ష్మంగా గుర్తించారు. ఆ భయాన్ని మనిషి తక్కువతనానికి గుర్తుగా నాట్యశాస్త్రం నిలిపితే, ఊరడింపుతో నయం చేయదగిన కారణంగా చరకసంహిత నిలిపింది.
• జ్ఞానంతో పోయే భయం, జ్ఞానం ఉన్నా పోని భయం అని భయం రెండు విధాలు. రజ్జుసర్ప దృష్టాంతం మొదటిదానికే వర్తిస్తుంది. రెండవదానికి దీపం చాలదు. తోడు, క్రమాభ్యాసం కావాలి.
• భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలని నిర్దేశించింది. 2022లో టెలిమానస్ ఫోన్ సేవ మొదలైంది. చట్టం ఇంత దూరం వచ్చినా ఇంటిభాష ఇంకా 'పిరికి' దగ్గరే ఆగి ఉంది. పిరికి అనిపించుకుంటానన్న జంకుతో మనిషి తన భయాన్ని దాచుకున్నంతకాలం ఏ చికిత్సా అతణ్ణి చేరదు. జంకు, గుబులు, బెంగ అంటూ భయాన్ని విడమరచి చెప్పగల భాషకు, భయాన్నీ మనిషినీ వేరుచేసి చూడటం కష్టం కాదు.