నెల రీడింగు నుంచి మిల్లీసెకను నమోదు వరకు: విద్యుత్ వినియోగ కొలత చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక పరికరం వాడుకునే విద్యుత్తును చిన్న స్క్రిప్టుతో నమోదు చేసి గ్రాఫుగా గీయడం నేడు కళాశాల విద్యార్థులకు సైతం సాధ్యమైన పని. లినక్స్‌తో నడిచే ఇంటెల్ కంప్యూటర్లలో ప్రాసెసర్ వాడిన శక్తిని మైక్రోజౌళ్లలో చూపే ఫైలు ఒకటి ఉంటుంది. అందులోని అంకె పెరుగుతూ పోతుంది. స్క్రిప్టు దానిని రెండుసార్లు చదివి, రెండవ అంకె నుంచి మొదటిదానిని తీసివేసి, మధ్య గడిచిన కాలంతో భాగిస్తుంది. ఒక సెకనులో 1,50,00,000 మైక్రోజౌళ్లు ఖర్చయితే సగటు వినియోగం 15 వాట్లు. ఇంటింటికీ తిరిగి రీడింగు తీసే విద్యుత్ ఉద్యోగి చేసేదీ ఇదే తీసివేత. అతని లెక్కకు వ్యవధి ఒక నెల, స్క్రిప్టుకు ఒక సెకను. ఈ వ్యవధి తగ్గుతూ వచ్చిన కొద్దీ కొలత స్వభావం ఎలా మారిందో, ఆ కొలత ఎవరి అధీనంలోకి వెళ్లిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తూకం నుంచి ముళ్లకు

1882లో న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించిన థామస్ ఎడిసన్ తన వినియోగదారుల కోసం రసాయనిక మీటరును రూపొందించాడు. కరెంటులో ఒక చిన్న భాగం జింకు పలకలున్న ద్రావణం గుండా ప్రవహించేది. ఒక పలక నుంచి లోహం కరిగి మరొక పలకకు చేరేది. నెలకొకసారి ఆ పలకలను తీసుకువెళ్లి తూచి బిల్లు కట్టేవారు. ఇంటి యజమానికి అందులో చదువుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కంపెనీ త్రాసును నమ్మడం తప్ప అతనికి మార్గం లేదు. పైగా ఆ పద్ధతి ఏకముఖ విద్యుత్తుకే పనికివచ్చేది. 1889లో బుడాపెస్టులోని గాంజ్ సంస్థకు చెందిన ఓటో బ్లాతీ ఏకాంతర విద్యుత్తుకు ప్రేరణ మీటరును తయారుచేశాడు. చక్రం తిరిగితే ముళ్లు కదిలి అంకెను చూపే మీటర్లు వ్యాపించడంతో వినియోగదారుడు కూడా తన లెక్క తాను చూసుకోగలిగాడు.

‘ఎంత’ నుంచి ‘ఎప్పుడు’కు

మొత్తం తెలిసినంత మాత్రాన విద్యుత్ కంపెనీ అవసరం తీరలేదు. ఒక ఇల్లు 1 కిలోవాట్ చొప్పున 10 గంటలు, మరొక ఇల్లు 5 కిలోవాట్ల చొప్పున 2 గంటలు వాడితే రెండింటి లెక్కా 10 యూనిట్లే. రెండవ ఇంటి కోసం మాత్రం అయిదు రెట్ల సామర్థ్యాన్ని సిద్ధంగా ఉంచాలి. సరఫరాకు సిద్ధంగా ఉండటానికయ్యే ఖర్చును ధరలో చేర్చాలని 1892లో బ్రిటిష్ ఇంజనీరు జాన్ హాప్కిన్సన్ వాదించాడు. బ్రైటన్ పట్టణంలో ఆర్థర్ రైట్ గరిష్ఠ వాడకాన్ని చూపే మీటరును ప్రవేశపెట్టాడు. దానిని అక్కడ చూసిన శామ్యూల్ ఇన్సల్ తన షికాగో సంస్థలో అమలుచేశాడు. రోజులో వాడకం ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో చూపే వక్రరేఖ విద్యుత్ వ్యాపారానికి ఆధారమైంది. అయితే ఆ రేఖ నగరం మొత్తానిది. ఒక్కొక్క ఇంటి దినచర్య అందులో కలిసిపోయి కనిపించేది కాదు.

రేఖ బయటపెట్టిన రహస్యాలు

ఆ మరుగు 1980ల తరువాత తొలగింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జార్జ్ హార్ట్ ఇంటికి వచ్చే తీగ వద్దనే వాడకాన్ని నిరంతరం నమోదు చేసి, లోపలి పరికరాలను గుర్తించే పద్ధతిని రూపొందించాడు. ఫ్రిజ్ మోటారు మొదలైతే రేఖ ఒక మెట్టు ఎక్కుతుంది, ఆగితే అంతే దిగుతుంది. ప్రతి పరికరానికీ తనదైన మెట్టు ఉంటుంది. ఈ పద్ధతిని హార్ట్ 1992లో సమగ్రంగా వివరించాడు. అంతకు ముందే, 1989లో, ఇది నిఘాకు దారితీయగలదని హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. ఒక పద్ధతి కర్తే దాని ప్రమాదాన్ని ముందుగా ప్రకటించడం ఈ చరిత్రలో గమనించదగిన విషయం.

1999లో పాల్ కోషర్ బృందం స్మార్ట్ కార్డు వాడే విద్యుత్తులోని సూక్ష్మమైన హెచ్చుతగ్గుల నుంచి దానిలోని రహస్య సంకేతాన్ని రాబట్టవచ్చని నిరూపించింది. 2011లో ఇంటెల్ తన ప్రాసెసర్లలో శక్తి లెక్కింపును చేర్చింది. వాడకాన్ని ఒక హద్దులో ఉంచడం దాని ఉద్దేశం. తొలి తరంలో ఆ అంకె నేరుగా కొలిచినది కాదు, ప్రాసెసర్ చేసే పనులను బట్టి కట్టిన అంచనా. సుమారు మిల్లీసెకనుకొకసారి మారే ఆ అంకెను చదివి కూడా రహస్య సంకేతాలను రాబట్టవచ్చని 2020లో పరిశోధకులు చూపారు. దానితో లినక్స్ ఆ ఫైలును సాధారణ వినియోగదారులు చదవకుండా కట్టడి చేసింది. నేడు విద్యార్థి స్క్రిప్టుకు అనుమతి లేదన్న సందేశం ఎదురవుతుంటే దాని వెనుక ఉన్నది ఈ పరిణామమే.

చట్టం దృష్టిలో వ్యవధి

షికాగోకు సమీపంలోని నేపర్‌విల్ నగరంలో స్మార్ట్ మీటర్లు 15 నిమిషాలకొకసారి వాడకాన్ని నమోదు చేయడంపై వచ్చిన వ్యాజ్యంలో 2018లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది రాజ్యాంగపరంగా సోదా కిందికే వస్తుందని, అయితే సమంజసమైన సోదా అని పేర్కొన్నది. వ్యవధి ఇంకా తగ్గితే నిర్ణయం మారవచ్చునని కూడా సూచించింది.

భారత సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. తెలుగు నేలపై మాత్రం మీటరు వివాదం మరో దారిలో నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపుసెట్లకు మీటర్లు పెట్టాలని నిర్ణయించినప్పుడు, నేటి మీటరు రేపటి బిల్లు అవుతుందన్న అనుమానం చర్చలో ముందుకు వచ్చింది. నేపర్‌విల్ పౌరులు తమ జీవితం ఇతరులకు తెలిసిపోతుందని వెరచారు, ఇక్కడి రైతులు తమపై భారం పడుతుందని వెరచారు. నమోదైన అంకె తరువాత దేనికి వాడబడుతుందో తెలియకపోవడమే రెండు భయాలకూ మూలం.

ముగింపు

ఎడిసన్ పలకల నాటి వినియోగదారుడు తన లెక్కను తాను చదవలేకపోయాడు. ముళ్ల మీటరు అతనికి ఆ అవకాశం ఇచ్చింది. స్మార్ట్ మీటరు కాలంలో ఇంటి గోడ మీది అంకె అతనికి కనిపిస్తూనే ఉంది, కానీ నిమిషాల వారీ రేఖ సంస్థల వద్ద పోగవుతున్నది. తన పరికరం వాడకాన్ని తానే నమోదు చేసుకునే స్క్రిప్టు ఆ రేఖలో కొంత భాగాన్ని తిరిగి వినియోగదారుడి చేతికి అందిస్తుంది. అందువల్ల విద్యుత్ కొలత చరిత్రను కేవలం కచ్చితత్వం పెరిగిన కథగా రాస్తే సరిపోదు. ప్రతి దశలోనూ నమోదు వ్యవధిని ఎవరు నిర్ణయించారో, ఆ నమోదును చదివే హక్కు ఎవరికి దక్కిందో కూడా చరిత్రకారుడు పరిశీలించాలి.