పక్క పొలమే కొలబద్ద



ఏరువాకకు ముందు మన ఊళ్లలో కౌళ్లు ఎట్లా కుదురుతాయో మీకు నేను చెప్పనక్కర లేదు. రచ్చబండ దగ్గరో, ఆసామి అరుగు మీదో నలుగురు కూర్చుంటారు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. అంతటితో సరి. దుక్కి ఎట్లా ఉండాలి, గట్టు ఎవరు వేయాలి, బోదె పూడిక ఎవరు తీయాలి, వాన ముంచేస్తే ఏం చేయాలి అన్న మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎదుటివాణ్ణి అనుమానించినట్లవుతుందని మొహమాటం. ఆ మొహమాటం పంట చేతికి వచ్చేదాకానే. పంట దెబ్బతిన్ననాడు "నువ్వు సరిగా చేయలేదు" అని ఆసామి, "నీ పొలమే అంతంతమాత్రం" అని కౌలుదారు. సరిగా చేయడమంటే ఏమిటో ముందు అనుకోలేదు గనుక, తగవు తీర్చే పెద్దలకు కూడా పట్టుకొమ్మ దొరకదు.

ఈ చిక్కు చాలా పాతది. సుమారు 3,750 ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్ దేశంలో, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ బాబిలోన్ రాజ్యం ఉండేది. అక్కడి వాళ్లు కాలవల కింద బార్లీ పండించేవారు, ఖర్జూరపు తోటలు వేసేవారు. కౌళ్లు, కోరులు అక్కడా ఉన్నాయి. ఆ దేశపు రాజు హమ్మురాబి తన ధర్మాలను ఏడడుగులకు పైబడిన నల్లరాతి మీద చెక్కించాడు. ఆ రాయి 1901-02లో ఇరాన్‌లోని సూసా తవ్వకాలలో బయటపడింది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. పండితులు దాని ధర్మాలను 282గా లెక్కవేశారు. అందులో రైతుకు సంబంధించినవి కొన్నిటిని చూద్దాం.

పొలం కౌలుకు తీసుకున్నవాడు చేయవలసిన పని చేయక, పంట పండించలేదనుకోండి. అతడు ఆసామికి ఎంత ధాన్యం ఇవ్వాలి? ఆసామి అడిగినంత కాదు, కౌలుదారు ఒప్పుకున్నంతా కాదు. పక్క పొలంలో ఎంత పండితే ఆ లెక్కన ఇవ్వాలి. అసలు విత్తకుండా బీడు పెట్టినవాడైతే, ఆ ధాన్యమూ ఇవ్వాలి, పొలాన్ని దున్ని, గుంటక తోలి మరీ అప్పగించాలి.

తోటలకూ ఇదే కొలత. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ చెట్టు పుప్పొడిని మనిషి ఎక్కించి చల్లితేనే కాపు బాగుంటుంది. ఆ పనికి తోట అప్పగిస్తే మూడింట రెండు వంతులు ఆసామికి, ఒక వంతు తోటమాలికి. మాలి ఆ పని ఎగ్గొట్టి కాపు తగ్గిస్తే, మళ్లీ పక్క తోట లెక్కనే కొలిచి ఇవ్వాలి. కొత్తగా తోట వేయడానికి భూమి ఇస్తే నాలుగేళ్లు పెంచి, అయిదో ఏట చెరిసగం పంచుకోవాలి. మాలి కొంత మేర నాటకుండా ఖాళీగా వదిలితే, ఆ ఖాళీ జాగా అతని వాటాలోకే పోతుంది. ఎంత తేటైన న్యాయమో చూడండి!

ఈ కొలబద్దలో ఉన్న తెలివి ఏమిటంటే, పక్క పొలం అందరి కంటికీ కనబడుతుంది. దానికి సాక్షి అక్కర లేదు. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉన్నది. కాలం మంచిదైతే పక్కవాడికి బాగా పండుతుంది, కొలత పెరుగుతుంది. వాన మొహం చాటేస్తే పక్కవాడికీ పండదు, కొలత దానంతట అదే తగ్గుతుంది. అంటే మనిషి చేతిలో ఉన్న దానికే మనిషిని బాధ్యుణ్ణి చేశారు గాని, దేవుడి చేతిలో ఉన్న దానికి కాదు.

వరద మాటా విడిగా రాశారు. కౌలు ముందే ముట్టిన తరువాత వరద వస్తే నష్టం సాగుదారుదే. కౌలు ఇంకా ముట్టకపోయినా, లేక సగానికో మూడో వంతుకో కోరుకు ఇచ్చినా, మిగిలిన ధాన్యాన్ని ఒప్పందం ప్రకారం ఇద్దరూ పంచుకోవాలి. అప్పున్న రైతుకు వరదవల్లగాని నీళ్లు లేకగాని పంట పోతే, ఆ ఏడాది వడ్డీ లేదు. కాని తన గట్టు బలపరచుకోక, సోమరితనంవల్ల గండిపడి ఇరుగుపొరుగు చేలు మునిగితే, పోయిన ధాన్యం ఇచ్చుకోవలసిందే. అట్లా ఇచ్చుకోలేనివాణ్ణి, అతని సొత్తునూ అమ్మి ఊరివాళ్లు పంచుకోవాలన్నారు. ఆ కాఠిన్యం మనకు వద్దు. నేర్చుకోవలసింది వాళ్ల కొలతనే.

అయితే ఆ కొలతలో లోపం లేకపోలేదు. పక్క పొలం నల్లరేగడి కావచ్చు, మనది చౌడు కావచ్చు. పైగా బరువంతా సాగుదారు మీదనే ఉన్నది. ఆసామి చేయవలసినదేమిటో ఈ ధర్మాలలో అంతగా కనిపించదు. ఈ కొరతను తీర్చిన చట్టాలలో ఒకటి 1947లో బ్రిటన్‌లో వచ్చిన వ్యవసాయ చట్టం. సాగుదారు భూసారం కాపాడాలి, చేను శుభ్రంగా ఉంచాలి, పంటను తెగుళ్ల నుంచి, కోసిన పంటను పాడవకుండా కాపాడాలి అని చెబుతూనే, సాగు సవ్యంగా సాగడానికి కావలసిన కట్టడాలు, సదుపాయాలు చూడడం ఆసామి విధి అన్నది. సాగుదారు పనిని తూచేటప్పుడు నేల స్వభావాన్నీ, ఆసామి తన పని ఎట్లా చేశాడన్నదాన్నీ లెక్కలోకి తీసుకోవాలన్నది. విధి తప్పినవారిని భూమినుంచి తొలగించే అధికారం కూడా ఆ చట్టంలో మొదట ఉండేది. దాన్ని 1958లో తీసివేశారు.

ఇక మన సంగతి. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలు కట్టకపోవడం, భూమిని పాడుచేయడం, మరొకరికి మారుకౌలుకివ్వడం వంటి కారణాలుంటేనే కౌలుదారును తొలగించవచ్చునన్నది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఆసామితో 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటివి అందాలని దాని ఉద్దేశం. భూమి మీద హక్కు మాత్రం ఆసామిదే. అయినా చేవ్రాలు పెడితే భూమి పోతుందేమోనని ఆసాములకు భయం, అడిగితే కౌలే పోతుందేమోనని సాగుదారుకు భయం. కాగితం లేక నష్టపోయేది ముందుగా సాగుదారే. వరద పరిహారం వచ్చిననాడు అతని పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

అందుచేత సోదరులారా, ఈసారి కౌలు మాట్లాడుకునేటప్పుడు బస్తాల లెక్కతో ఆపకండి. గట్టు, బోదె ఎవరివి? ఎరువు, కలుపు సంగతి ఏమిటి? ఏ నేలను చూసి మన పంటను కొలుస్తాం? వరద వస్తే కౌలు ఎంత తగ్గుతుంది? ఆసామి చేయవలసినదేమిటి? ఈ అయిదు మాటలూ కాగితం మీద పెట్టి ఇద్దరూ చెరొక నకలు ఉంచుకోండి. కొలతకు పెట్టుకునే పొలం ఊళ్లోకెల్లా మేలైనదిగా కాక, మీ నేలలాంటి నేలే అయి ఉండాలి సుమండీ! విస్తరణ కార్యకర్తలు దగ్గర కూర్చుని రాయిస్తే మరీ మంచిది. రాత అనుమానానికి గుర్తు కాదు. మంచిరోజుల్లో రాసుకున్న మాటే చెడ్డరోజుల్లో స్నేహాన్ని నిలబెడుతుంది.