లోతు, పరిమాణాల గ్రహణం: చరిత్ర, మేడ్చల్ ప్రాంతంలో వినియోగం

కంటి వెనుక నేత్రపటలం మీద పడే బొమ్మకు పొడవు, వెడల్పు తప్ప లోతు ఉండదు. అయినా ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో మనిషి చూడగానే చెప్పగలడు. ఈ శక్తినే లోతు, పరిమాణాల గ్రహణం అంటారు. రెండూ జంటగానే నడుస్తాయి; దూరం అంచనా తప్పితే పరిమాణమూ తప్పుతుంది. శామీర్‌పేట పరిసరాల్లోని గ్రానైటు గుట్టలను దూరం నుంచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. తాటిచెట్టు ఎత్తు మనకు తెలుసు, బండరాయికి అలాంటి ఖాయమైన కొలత లేదు. పక్కన మేకలు తోలుకుపోయే మనిషి కనబడేదాకా అది గుండ్రాయో, ఇల్లంత బండో తేలదు.

ఈ అంశం మీద తొలి సిద్ధాంతం గ్రీకు గణితవేత్త యూక్లిడ్‌ది. కంటి దగ్గర పెద్ద కోణం చేసేది పెద్దదిగా కనిపిస్తుందని ఆయన చెప్పాడు. అది సగం నిజమే. మిగతా సగాన్ని 11వ శతాబ్దంలో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ ‘కితాబ్ అల్ మనాజిర్’లో పూరించాడు. కోణాన్ని దూరంతో కలిపి చూసుకున్నప్పుడే పరిమాణం తెలుస్తుందనీ, ఆ దూరం మనకూ వస్తువుకూ నడుమ పరుచుకున్న నేలను బట్టి అంచనాకు వస్తుందనీ వివరించాడు. నేత్రపటలం మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని 1604లో ఖగోళవేత్త కెప్లర్ చూపించాడు. దూరాన్ని కన్ను నేరుగా చూడదని, స్పర్శతో కూడిన అనుభవమే నేర్పుతుందని 1709లో తత్వవేత్త బర్క్లీ వాదించాడు.

అసలు మలుపు 1838లో వచ్చింది. రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి, రెండింటికీ కనిపించే బొమ్మలు కొద్దిగా తేడాగా ఉంటాయి. ఆ తేడాయే లోతుగా కనిపిస్తుందని ఛార్లెస్ వీట్‌స్టోన్ అద్దాలతో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపే స్టీరియోస్కోపుతో రుజువు చేశాడు. ఇంత చిన్న విషయం అన్ని శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకపోవడం ఆశ్చర్యమే. వస్తువును గుర్తుపట్టకపోయినా ఈ తేడా ఒక్కటే లోతును పుట్టించగలదని 1960లో బేలా యూలెష్ కేవలం చుక్కలతో నింపిన చిత్రాల జతలతో తేల్చాడు.

వీట్‌స్టోన్ సూత్రం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో రోజువారీ పనిలో భాగం. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 1974లో ఏజెన్సీగా మొదలై, 2008లో ఇస్రోలో భాగమైంది. నేల పటాల కోసం విమానం నుంచి తీసిన ఫొటోలు ఒకదానిమీద ఒకటి సుమారు 60 శాతం కలిసేలా ఉంటాయి. పక్కపక్కన ఉన్న రెండు ఫొటోలను స్టీరియోస్కోపు కింద పెట్టి అటూ ఇటూ జరుపుతుంటే మొదట అన్నీ రెండేసిగా కనిపిస్తాయి. ఒక్కసారిగా అవి కలిసి గుట్ట పైకి లేస్తుంది, చెరువు కిందికి దిగుతుంది. ఆ గుట్ట నిజానికన్నా నిటారుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ రెండు ‘కళ్ల’ మధ్య ఎడం సెంటీమీటర్లలో కాదు, వందల మీటర్లలో ఉంటుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్–1 ఉపగ్రహం ఈ ఎడాన్ని ఇంకా పెంచింది. దాని కెమెరాల్లో ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కు వంగి, 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒకే చోటును ఒక నిమిషంలోపే రెండుసార్లు చూసేవి. నేల ఎత్తుపల్లాలను చూపే కార్టోడెమ్ ఈ జంట చిత్రాల నుంచే తయారైంది.

రెండు కళ్ల సిద్ధాంతానికి పోటీ రన్‌వే మీద పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన జేమ్స్ గిబ్సన్, దూరాలు పెరిగేకొద్దీ రెండు కళ్ల తేడా అంతగా అక్కరకు రాదని, పైలట్‌ను దింపేది నేల గరుకుదనమూ, ఎదురుగా పరుగెత్తి వచ్చే నేల ప్రవాహమూ అని తేల్చాడు. ఆయన పుస్తకం 1950లో వచ్చింది. అల్ హైథమ్ చెప్పిన ‘నడుమ నేల’ మళ్లీ ఇలా తిరిగొచ్చిందన్నమాట. శామీర్‌పేట దారిలోని హకీంపేటలోనూ, మేడ్చల్‌కు దగ్గరి దుండిగల్ వైమానిక దళ అకాడమీలోనూ విమానాలు దింపేవాళ్లకు ఇది కేవలం సిద్ధాంతం కాదు. అలవాటైనదానికన్నా రన్‌వే ఇరుకైతే, తాను ఎక్కువ ఎత్తులో ఉన్నానని పైలట్ భ్రమపడి విమానాన్ని మరీ కిందికి తెచ్చే ప్రమాదం ఉంది.

వీట్‌స్టోన్, గిబ్సన్ ఇద్దరిలో ఒకరే గెలిచారనడం సరికాదు. చేతికందే దూరంలో సూదిలో దారం ఎక్కించడానికి వీట్‌స్టోన్, రాజీవ్ రహదారి మీద ముందు లారీని అంచనా వేయడానికి ఎక్కువగా గిబ్సన్ పనికొస్తారు. ఒంటికన్నువాళ్లు కూడా దూరాలను బాగానే పోల్చుకోగలగడానికి కారణం గిబ్సన్ చెప్పిన ఈ ఆధారాలే.

రెండు కళ్ల లోతు దృష్టి పుట్టుకతో పూర్తిగా రాదు. పసితనంలో రెండు కళ్లూ ఒకేచోట నిలిస్తేనే మెదడులో కుదురుకుంటుంది. మెల్లకన్ను అదృష్టమని మన ఇళ్లలో అనుకోవడం మామూలే. దాన్ని అలాగే వదిలేస్తే ఈ దృష్టి శాశ్వతంగా పోవచ్చు. అలాంటి పిల్లలను పెద్దయ్యాక చూద్దాంలే అనుకోకుండా, గమనించిన వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.