అమెరికా కార్డుకై నిరీక్షణము



నూజివీడు చుట్టుప్రక్కల ఏ గ్రామమునకు పోయినను రచ్చబండపై పెద్దలు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, మా అబ్బాయి అమెరికా పోయి పదేండ్లు దాటినది. శాశ్వత నివాసపు కార్డు ఎప్పుడు వచ్చును?" రసాల ధర యెంత పలికినదని అడిగినంత సహజముగా అడుగుదురు. కార్డు రాకపోవుటకు కుమారుని అసమర్థత కారణమని కొందఱును, అచ్చటి కచేరీ గుమాస్తాల జాగు కారణమని కొందఱును తలంచుచున్నారు. ప్రధాన కారణము ఆ రెండును కాదు. అది చట్టములో వ్రాసియున్న యొక అంకె. ఆ యంకె ఎట్లు పుట్టినదో, దానినిబట్టి నిరీక్షణమును ఎట్లు లెక్కింపవలెనో నేడు మనవి చేసెదను.

పరదేశమునకు కూలికి పోవుట మన పూర్వులకు క్రొత్త కాదు. కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి వేలకొలది తెలుగువారు రంగమునకు పోయి వడ్లమిల్లులలోను ఓడరేవులలోను పనిచేసిరి. బర్మావారు వారిని కోరంగివారనిరి. మన కోరంగి రేవు పేరే అచ్చట జాతిపేరైనది. ఓడ టిక్కెట్టే వారికి అనుమతిపత్రము. బర్మా అప్పుడు ఆంగ్లేయుల హిందూదేశములో భాగము. 1937 ఏప్రిలు 1వ తేదీన అది వేఱుపడినది. 1941లో ప్రవేశానుమతులను విధించు ఒడంబడిక యొకటి కుదిరెను గాని, అంతలో జపానువారి దండయాత్ర వచ్చి, అది అమలునకు రాకమునుపే లక్షలమంది భారతీయులు అడవిదారుల కాలినడకను తిరిగివచ్చిరి. కనుక రంగము పోయిన మన తాతలకు ఓడకై వేచియుండుట తెలియును గాని, కాగితమునకై వేచియుండుట తెలియదు.

అమెరికా కథ వేఱు. అచ్చటివారు 1917లో ఒక చట్టము చేసి, ఆసియాఖండములో అధికభాగమునకు గీతగీసి, ఆ గీతలోపలివారు వలస రాగూడదనిరి. విద్యార్థులకు మాత్రము మినహాయింపు కలదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యములో వారి సర్వోన్నత న్యాయస్థానము, భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. ఆ కాలముననే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో చదువుటకు చేరిరి. ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధనలకును, ఆరియోమైసిను మందునకును నాయకత్వము వహించిన మహనీయులు. ఇరువదియైదేండ్లు ఆ దేశమునకు సేవచేసియు అమెరికా పౌరులు కాకుండనే 1948లో అచ్చటనే కన్నుమూసిరి. మన జిల్లాలనుండి పోయి కాగితము లేక పరాయిగనే మిగిలినవారిలో తొలిగా తలచుకొనదగిన పేరు వారిదే యని నా యభిప్రాయము.

1946 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకముతో వచ్చిన చట్టము భారతీయులకు పౌరసత్వపు తలుపు తెఱచినది. వలస వచ్చుటకు ఏడాదికి ఎందఱికి? నూఱుమందికి. నలువది కోట్ల జనము గల దేశమునకు నూఱు! దేశమునకింత యని వాటా పంచు పద్ధతి మనకు తగిలినది అప్పుడే. వాటా పెరిగినను పద్ధతి నేటికిని పోలేదు.

1965లో వారు జాతిభేదము చూపు పాత వాటాలను రద్దుచేసి, తూర్పు అర్ధగోళములోని ఒక్కొక్క దేశమునకు ఏడాదికి ఇరువదివేల పరిమితి పెట్టిరి. గుంటూరు, విశాఖపట్టణము వైద్యకళాశాలలలో చదివిన మన వైద్యులు పెక్కుఱు పోయి స్థిరపడినది ఆ చట్టము వచ్చిన పిమ్మటనే. వారిలో అనేకులు నేటి నిరీక్షణము నెఱుగరు. అందుచేతనే, "మా బావమఱదికి త్వరగా వచ్చినదే!" అని యొకరు చెప్పగా విని, తమ కుమారునికి ఏల రాలేదని మఱియొకరు కుములుదురు. అప్పటి చట్టము వేఱు, అప్పటి వరుస వేఱు.

నేటి చిక్కునకు మూలము 1990 నాటి చట్టము. దాని ప్రకారము ఉద్యోగమూలమున ఇచ్చు శాశ్వత నివాసపు కార్డులు ఏడాదికి ఒక లక్షా నలువదివేలు. అందు ఏ యొక్క దేశమునను పుట్టినవారికి నూటికి ఏడు మించరాదు, అనగా 9,800. నాలుగు లక్షల జనమైనను నిండని ఐస్‌లాండునకును, నూట నలువది కోట్లు దాటిన మన దేశమునకును ఒకే పరిమితి. అందును తరగతులు కలవు. మన యింజనీర్లు ఎక్కువగా నిలుచు రెండవ తరగతికి వచ్చునది 40,040. దానిలో నూటికి ఏడు 2,803. ఈ సంఖ్యలో భార్యయు పిల్లలును చేరియుందురు. ఇంటికి ముగ్గురైనచో వేయిమంది ఉద్యోగులకైనను చాలదు. ఇతరదేశములవారు విడిచిన మిగులు కొన్నియేండ్లు మనవారికి చేరుట నిజమే. ఎప్పుడెంత మిగులునో ముందుగా తెలియదు గనుక దానిని నమ్ముకొని సంసారము నడుపరాదు.

ఆ చట్టమే ఉద్యోగపు తాత్కాలిక వీసాలకు, హెచ్-1బి అనువానికి, ఏడాదికి అరువదియైదువేల పరిమితి పెట్టినది. శతాబ్దము మాఱునప్పుడు కంప్యూటర్లలో తేదీలు తారుమాఱగునను భయము పుట్టగా పనివారు కావలసివచ్చి, ఆ పరిమితిని మొదట 1,15,000కును, 2001 మొదలు 2003 వఱకు 1,95,000కును పెంచిరి. మన పల్లెలనుండి పిల్లలు గుంపులుగా పోయినది ఆ యేండ్లలోనే. వీధివాకిలి వెడల్పుచేసిరి, లోపలిగది ద్వారము మాత్రము అంతే యుంచిరి. ఇక వసారాలో జనము నిండక యేమగును? ఆరేండ్లు గడచినవారిని వెడలగొట్టలేక, 2000లో మఱియొక చట్టముచేసి, వంతుకై వేచియున్నవారు వీసాను పొడిగించుకొనవచ్చుననిరి. అప్పటినుండి మనవారు మూడేండ్లకొకమాఱు కౌలు తిరుగవ్రాయించుకొను రైతులవలె నున్నారు.

వరుసలో స్థానమును నిర్ణయించునది ప్రాధాన్యతేది. యజమాని కార్మికశాఖకు దరఖాస్తు పెట్టిన దినము సాధారణముగా ఆ తేదియగును. ఆ శాఖ ధ్రువపత్రమునకే 2024, 2025 సంవత్సరములలో ఏడాదికి పైగా పట్టినది. ప్రతిమాసమును అమెరికా విదేశాంగశాఖ వీసా బులెటిన్ అను పట్టిక ప్రకటించి, ఏ తేదీకి ముందువారి వంతు వచ్చినదో తెలుపును. 2025 చివరినాటికి రెండవ తరగతి భారతీయులలో వంతు వచ్చినది 2013 తొలి మాసములలో చేరినవారికి.

ఇచ్చటనే మన పెద్దలు పొరపడుచున్నారు. 2025లోనుండి 2013 తీసివేసి, పండ్రెండేండ్లు వేచియున్న చాలునందురు. తిరుమలలో దర్శనము చేసుకొని వచ్చినవాడు తాను ఆఱు గంటలు నిలిచితినని చెప్పిన, ఇప్పుడు వరుసచివర చేరినవానికిని ఆఱు గంటలే యగునా? తనకు ముందెందఱున్నారో, గంటకెందఱిని విడుచుచున్నారో లెక్కింపవలదా? పండ్రెండేండ్లనునది 2013లో చేరినవాని నిరీక్షణము. 2023లో వాషింగ్టనులోని కేటో ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ఈ లెక్క వేసినది. ఉద్యోగమూలపు వరుసలో పదునెనిమిది లక్షలమంది నిలిచియుండగా అందు పదునొకండు లక్షలమంది భారతీయులు. క్రొత్తగా చేరు భారతీయునికి 134 ఏండ్లు పట్టునని తేల్చినది. అన్నియేండ్లు ఎవ్వడును వేచియుండలేడు గనుక ఆ యంకెకు తెలుగున 'రాదు' అనియే అర్థము. నడుమ కొందఱు మరలిపోవుటవలనను, కొందఱు వేఱుదారి పట్టుటవలనను వరుస కొంత తఱుగవచ్చును. తఱిగినను, ఇప్పుడు చేరిన యువకుడు తన ఉద్యోగజీవితములో కార్డు చూచునని నేను మీకు చెప్పలేను.

ఆ పట్టికలోని తేది ముందునకే నడచుననుకొనవలదు. కరోనా కాలమున కాన్సులేటులు మూతపడి, బంధుత్వపు వాటాలో వాడని సంఖ్యలు ఉద్యోగపు వాటాకు చేరగా, 2021లో ఆ వాటా 2,62,000 అయినది. తేది పరుగులెత్తి 2022 సెప్టెంబరున 2014 డిసెంబరు 1 వఱకు వచ్చెను. మఱుసటి మాసముననే 2012 ఏప్రిలునకు వెనుకకు పోయెను. పిమ్మట 2011 వఱకు జాఱెను. 2007 జూలైలో ఇంకొక వింత జరిగినది. దాదాపు అందఱి వంతును వచ్చినదని ప్రకటించి, జూలై 2వ తేదీన దరఖాస్తులు తీసికొనబోమనిరి. మనవారు తిట్టలేదు, కొట్టలేదు. ఆ శాఖాధిపతికి వందలకొలది పూలగుత్తులు పంపిరి. ఆయన వానిని గాయపడిన సైనికుల ఆసుపత్రికి పంపించెను. రెండు వారములలో ప్రభుత్వము మనసు మార్చుకొని ఆగస్టు 17 వఱకు దరఖాస్తులు స్వీకరించెను. గాంధీమహాత్ముని మార్గము అంత దూరమునను పనిచేసినదని విని ఉపాధ్యాయుడనైన నాకు గర్వము కలిగినది.

ఈ నిరీక్షణము ఉత్తకాగితపు బాధ కాదు. తాత్కాలిక వీసావారు స్వదేశమునకు వచ్చినచో, పాస్‌పోర్టుపై వీసాముద్ర గడువు తీరియున్న, కాన్సులేటుకు పోయి మరల వేయించుకొననిదే తిరిగిపోలేరు. పూర్వము దానికి చెన్నపట్టణము పోవలసియుండెను. 2008లో హైదరాబాదున కాన్సులేటు తెఱచిరి. అయినను 2025 డిసెంబరులో తనిఖీలు పెంచి, ఇచ్చిన తేదీలను మాసములకొలది వాయిదా వేయగా, సెలవుపై వచ్చిన ఉద్యోగులు పెక్కుఱు చిక్కుపడిరి. తల్లి పోయినదన్న కబురు వచ్చినను కుమారుడు రాకుండుటకు కారణము మమకారము లేకపోవుటయే యని ఊరు నిందించుట నేను విన్నాను. ఆ నింద అన్యాయము.

2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రములోని ఒలేతలో హైదరాబాదువాడైన కూచిభొట్ల శ్రీనివాస్ అను ఇంజనీరును ఒక దుండగుడు కాల్చిచంపెను. భార్య దుమాల సునయనగారి నివాసహక్కు భర్త వీసాపై ఆధారపడియుండుటచే, భర్తతోడనే ఆ హక్కును పోయినది. ఆ రాష్ట్రపు ప్రజాప్రతినిధి పూనుకొనిన పిమ్మటగాని ఆమె మరల అచ్చట నుండుటకు అనుమతి దొరకలేదు. తల్లిదండ్రుల వెంట పసితనమున పోయిన పిల్లలకును ఇట్టి చిక్కే: వంతు రాకమునుపు ఇరువదియొక్క యేండ్లు నిండిన, తండ్రి వరుసనుండి వేఱుపడుదురు.

దేశపరిమితి తొలగింపవలెనని 2019 జూలైలో వారి దిగువసభ అనుకూలముగా 365, ప్రతికూలముగా 65 ఓట్లతో బిల్లు ఆమోదించినది. 2020 డిసెంబరులో ఎగువసభయు ఒక రూపమును ఆమోదించినది. రెండు రూపములకు పొత్తు కుదురక బిల్లు మురిగిపోయినది.

ఇక మన గ్రామముల మాట. అంటుమొక్క నాలుగైదేండ్లకు కాపు పట్టును, టెంకచెట్టు ఎనిమిది పదేండ్లకు. ఆ కాలమును ఓర్చిన రైతులే ఇప్పుడు ముదిరిన తోట తీసి క్రొత్త అంటులు నాటుటకు వెనుదీయుచున్నారు. కార్డు వచ్చిన పిమ్మట అబ్బాయి వచ్చి చెప్పవలెనట. అట్టివారు కుమారుని రెండు మాటలడుగవలెను: నీది ఏ తరగతి? నీ ప్రాధాన్యతేది యేది? 2012, 2013 నాటిదైన ఆశ పెట్టుకొనవచ్చును. 2020 తరువాతిదైన, కార్డును లెక్కలో చేర్చక తోటసంగతి తేల్చుకొనవలెను. పెండ్లి కావలసిన కుమారుడైన ఇంకొక సంగతి తెలిసికొనవలెను: వాటా పౌరసత్వమునుబట్టి కాదు, జన్మభూమినిబట్టి, భార్య వేఱు దేశమున పుట్టినదైన ఆమె దేశపు వరుసలో నిలువవచ్చును. ఈ ఉపాయము చెప్పినందులకు పెద్దలు నన్ను కోపగింపవలదు.

అన్నదమ్ములు పెట్టు దరఖాస్తునకు 2025లో మన దేశమువారికి పదునెనిమిదేండ్లు పైబడి పట్టుచుండెను. తల్లిదండ్రులకు మాత్రము సంఖ్యాపరిమితి లేదు. కాని కుమారుడు పౌరుడైన పిమ్మటనే పిలువగలడు. కార్డు వచ్చిన తరువాత పౌరసత్వమునకు సాధారణముగా ఐదేండ్లు. 2013లో ముప్పదియేండ్ల వయసున వరుసలో చేరినవానికి 2025లో కార్డు వచ్చినదనుకొందము, వానికి నలువదిరెండేండ్లు. పౌరుడగునప్పటికి 2030 దాటును, వానికి నలువదియేడు. అప్పటికి తండ్రి వయసెంతయో ఎవరి యింటి లెక్క వారు వేసికొనవలెను.